రెండంతస్తుల తాటాకు గుడిసె

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. మా మిరప చేలో ఒక అడవిపంది పడితే, నేను ఊళ్లోకి వచ్చేసరికి అది మంద అవుతుంది. జూలూరుపాడు చేరేసరికి ఆ మందకొక నాయకుడు, ఆ నాయకుడికి వెనకా ముందూ నలుగురు బాడీగార్డులు కూడా ఏర్పడతారు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నేను లేస్తే మా పాస్టరుగారు చేతి వాచీ విప్పి ఎదురుగా పెట్టుకుంటారు. కిందటి వానాకాలం నాకు జ్వరం వచ్చి తగ్గిన సంగతి చెబుతుంటే, "బ్రదర్, పోయిన ఆదివారం నూట నాలుగే గదా ఉన్నది, ఇయ్యాల నూట ఏడెట్లయింది? తగ్గినంక పెరిగిందా?" అని నిండు సంఘంలో ఆపేశారు. ఊళ్లోవాళ్లు నా మాటను నాలుగు ముక్కలు కోసి, మూడు అవతల పారేసి, ఒకటి తీసుకుంటారు. మీరూ అలాగే చేయండి. ఏమీ అనుకోను.

ఈ ముచ్చటలో పెంచినవి చాలా ఉన్నాయి గానీ, పూర్తిగా కల్పించింది ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెబుతాను.

ఇలాంటి నోరున్నవాణ్ని పట్టుకొచ్చి మా వార్డు జనం పంచాయతీ మెంబరును చేశారు. వాళ్ల లెక్క వాళ్లకుంది. మండలాఫీసులో మన గోడు నాలుగింతలు చేసి చెబితే గానీ అక్కడివాళ్లకు ఒక వంతు వినబడదట. మా ఊరు ఖమ్మం వైపు పొలాలు అయిపోయి, భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉంది. ఈ చివర పత్తి చేలు, ఆ చివర టేకు చెట్లు. బస్సు మా ఊళ్లోనే మలుపు తిప్పుకుని, అడవిని చూసి జడుసుకున్నట్టు వచ్చిన దారినే పోతుంది.

గెలిచిన కొత్తలో శాలువాలు కప్పించుకోవడం తప్ప మాకు పనేమీ లేదు. ఒక్కో మెంబరుకు ఎన్ని శాలువాలు వచ్చాయంటే, వాటిని కలిపి కుడితే ఊరికంతటికీ షామియానా అయ్యేది. అవన్నీ మడతపెట్టాక పని అంటూ మొదటిసారి మా ముందుకు వచ్చింది బడ్జెట్టు. వచ్చే ఏడాది ఊరికి రాబడి ఎంత, ఖర్చు ఎంత, అందుకోసం ఇంటి పన్ను ఎంత ఉండాలి అన్నది తేల్చి తీర్మానం రాయాలి.

మా సెక్రటరీ మేడం ముదిగొండ వైపు అమ్మాయి. స్కూటీ మీద వస్తుంది. హెల్మెట్ తీసేలోపే సగం ఊరి సమస్యలు ఆమె చెవిలో పడిపోతాయి కాబట్టి, కొన్నాళ్లుగా హెల్మెట్ తీయకుండానే ఆఫీసులోకి నడిచి, తలుపు వేసుకున్నాక తీస్తోంది. ఆమె ఒక తెల్ల కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క రాబడి, కుడి పక్క ఖర్చు రాసి నాకు చూపించింది. కుడి పక్క కాగితం అడుగుదాకా పోయి, వెనక్కి తిరిగి మళ్లీ మొదలైంది. ఎడమ పక్క మూడు వరసలు రాసి ఆగిపోయింది, ఏప్రిల్ నెల వాగులాగా.

"నలుగురు వర్కర్లకు జీతాలు రావు సార్" అంది. "పన్ను రేటన్నా పెంచాలి, ఒక మనిషినన్నా ఆపాలి. మూడో దారి లేదు."

"ఆపితే ఎవర్ని?"

"చివర చేరినవాళ్లను."

చివర చేరింది మా చెల్లెమ్మ. తోడబుట్టింది కాదు, మా చర్చిలో నా వెనక బెంచీ మనిషి, అందుకని అన్నా చెల్లెళ్లం. తెల్లవారకముందే నల్లా వాల్వు తిప్పుతుంది, ఆ తర్వాత వీధులు ఊడుస్తుంది, మధ్యాహ్నానికి నర్సరీలో మొక్కలకు నీళ్లు పోస్తుంది. భర్త లేడు. కూతురు ఖమ్మంలో నర్సింగు చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. ఆ ఏడాది గడవడం ఈ జీతం మీదే ఉంది. ఊరి మొత్తంలో నా మాటను ముక్కలు కోయకుండా, నిండుగా నమ్మే మనిషి ఆమె ఒక్కతే. పందులకు నాయకుడున్నాడని చెబితే, "అవునా అన్నా, పేరేంది?" అని అడిగిన మనిషి.

ఆ సాయంత్రం ఆమె నల్లా దగ్గర నన్ను ఆపింది.

"అన్నా, నన్ను తీసేస్తరంట గదా?"

ఆ క్షణాన నా నోరు నా మాట వినలేదు. "నిన్ను తీసేసేటోడు ఈ జిల్లాలనే పుట్టలే చెల్లె. కలెక్టర్ వచ్చి చెప్పినా కాదు. నీ ఉద్యోగం నా పూచీ. నువ్వు పొయ్యి అన్నం తిని నిద్రపో" అన్నాను.

"అట్లనే అన్నా" అని వెళ్లిపోయింది. నిజంగానే పోయి అన్నం తిని నిద్రపోయిందట. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మరుసటి రోజు ఊళ్లో తిరిగితే రెండు మాటలు వినబడ్డాయి, రెండూ ఒకే నోటి నుంచి. "ఆమెను తీసేస్తే ఊరుకోం, ఊరు ఊరంతా వచ్చి కూసుంటం." "ఇంటి పన్ను రూపాయి పెంచినా ఊరుకోం, ఊరు ఊరంతా వచ్చి కూసుంటం." కూర్చునే జనం వాళ్లే, కూర్చునే అరుగూ అదే.

అప్పుడు మేడం ఇంకో మాట చెప్పింది. రిజిస్టరులో ఇళ్లన్నీ ఎప్పుడో పాతకాలం నాడు రాసినవి. గుడిసెకు ఒక పన్ను, రేకుల ఇంటికి ఒకటి, డాబాకు ఒకటి. ఇప్పుడున్నవి ఉన్నట్టుగా రాసుకుంటే రేటు పెంచే అవసరం రాకపోవచ్చు. ఎవరి వార్డు ఇళ్లు వాళ్లు కొలుచుకుని రమ్మని మెంబర్లందరికీ తలా ఒక టేపు ఇచ్చింది.

మా ఊళ్లో ఇళ్లకు ఒక గుణం ఉంది. గృహప్రవేశం రోజున అవి కొండలంత ఉంటాయి. టేపు పట్టామా, అత్తిపత్తి ఆకుల్లా ముడుచుకుంటాయి. నేను వరండా దగ్గర టేపు పెడితే ఆ ఇంటాయన, "వరండా ఇల్లెట్లయితది మెంబరు సాబ్? అది గాలి కూసునే జాగ" అన్నాడు. ఇంకొకచోట వంటగది కొలుస్తుంటే ఆ ఇంటి ముసలమ్మ అడ్డం పడి, "అండ్ల మేం ఉండం బిడ్డా, వండుతం అంతే" అంది. ఒకాయన మేడ మీది గదిని చూపించి, అది కోళ్లదని చెప్పాడు. కోళ్లకు ఏసీ పెట్టించిన ఊరు ఈ రాష్ట్రంలో మాదొక్కటే.

అయినా ఇవన్నీ పైపై విద్యలు. అసలు విద్య నంబరు పలక. మా దగ్గర ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే పాత గుడిసెను పీకరు. కట్టెలు పెట్టుకోవడానికని, మేకల కోసమని చెబుతారు. పంచాయతీవాళ్లు ఏనాడో కొట్టిన ఇంటి నంబరు పలక ఆ గుడిసె గుంజకే ఉంటుంది. గుడిసె వెనక ఎన్ని అంతస్తులు లేచినా, పలక గుడిసెది కాబట్టి పన్నూ గుడిసెదే.

ఈ విద్యలో మా ఎదురింటాయన పండితుడు. రెండంతస్తుల డాబా, ఖమ్మం గ్రానైటు పరిచిన నేల. ఆ నేల మీద చీమ నడిస్తే దానికి తన నీడ చూసుకుని తల దువ్వుకోవాలనిపిస్తుంది. దాని ముందు ఒక తాటాకు గుడిసె, గుంజకు పలక. గుడిసె కూలితే పలకకు చోటుండదు కదా, అందుకని ఏటా సత్తుపల్లి అవతల నుంచి ట్రాక్టరు కిరాయికి మాట్లాడి తాటాకు తెప్పిస్తాడు. నలుగురు మనుషుల్ని పెట్టి కప్పిస్తాడు. వాళ్లకు మధ్యాహ్నం కోడికూర. ఆ ఖర్చంతా కలిపితే డాబా పన్ను పదేళ్లకు కట్టొచ్చు. ఆయన మాత్రం కొత్త తాటాకు కప్పిన సాయంత్రం గుడిసె ముందు కుర్చీ వేసుకుని, ప్రభుత్వాన్ని ఓడించిన మొహంతో కూర్చుంటాడు. ఆయన భార్యకు ఆ గుడిసె అంటే మంట. పాములు చేరతాయని ఒకటి, ఇంటి అందమంతా దాని వెనక దాక్కుంటుందని ఇంకొకటి.

నేను కొలిచిన కాగితం మీద ఆ ఇంటి పేరున "తాటాకు గుడిసె, ఒక గది" అని రాసుకున్నాను. మొత్తం వార్డు కొలిచి కూడితే, పాత రిజిస్టరులో ఉన్నదానికంటే ఊరు ఇంకా చిన్నదైపోయింది. మిగతా మెంబర్ల టేపులూ అంతే. మేడం కాగితాలన్నీ చూసింది. హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది.

మీటింగు రోజు రానే వచ్చింది. పంచాయతీ ఆఫీసు గదిలో బల్ల చుట్టూ మేము, గుమ్మం బయట జనం. చెల్లెమ్మ మా అందరికీ చాయ్ పోసింది. నా గ్లాసు దగ్గరికి వచ్చినప్పుడు నవ్వింది, ఇంకేం భయం అన్నట్టు. నేను తల వంచి చాయ్ ఊదుకున్నాను.

మా సర్పంచమ్మ అడవి అంచు కోయగూడెం నుంచి గెలిచిన మనిషి. నేను నాలుగు వాక్యాల్లో చెప్పేది ఆమె నాలుగు మాటల్లో చెబుతుంది. మేడం రాబడి, ఖర్చు చదివింది. మనిషిని ఆపుదామా, రేటు పెంచుదామా అని అడిగింది. మేమందరం ఒకేసారి చాయ్ గ్లాసులు ఎత్తుకున్నాం.

"పెంచుడు సంగతి తర్వాత" అంది సర్పంచమ్మ. "ఇప్పుడు ఎవరి మీద ఎంతుందో చదువమ్మా. విందాం."

మేడం రిజిస్టరు తీసి చదవడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక చిన్న పొరపాటు జరిగింది. పొద్దున మీటింగు ఉందని ఉపసర్పంచు మైకులో చెప్పాడు. చెప్పి, మైకును బల్ల మీద పెట్టాడు. స్విచ్ ఆపలేదు. హారన్లేమో వాటర్ ట్యాంకు మీద నాలుగు దిక్కులకూ తిప్పి కట్టి ఉన్నాయి. ట్యాంకు ఊరి ఆ చివర, గదిలో ఉన్న మాకేమో తెలియదు.

"రెండో వార్డు, మొదటి ఇల్లు, తాటాకు గుడిసె. రెండో ఇల్లు, తాటాకు గుడిసె. మూడో ఇల్లు, తాటాకు గుడిసె..."

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వు వీధి చివరిదాకా పాకింది. చేలల్లో మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్లు నడుములు నిఠారు చేసి విన్నారట. భద్రాచలందాకా వినబడిందని నేనంటాను, మీరు ముక్కలు కోసుకోండి.

మా ఎదురింటి నంబరు కూడా వచ్చింది. యజమాని పేరు, తండ్రి పేరు, "తాటాకు గుడిసె, ఒక గది" అని మేడం తీరిగ్గా చదివింది.

ఆ సమయానికి ఆ ఇంట్లో ఆ ఇల్లాలి అక్క, పెనుబల్లి నుంచి వచ్చిన మనిషి, గ్రానైటు మీద చాప వేసుకుని చాయ్ తాగుతోంది. ఆమె చెల్లెలితో అన్న మాట ఊళ్లో ఇప్పటికీ తిరుగుతోంది. "ఏమేవ్, గుడిసెలో ఉంటూ ఫోన్లో మేడ అని చెప్పావేంటే? మీ బావ చేత చందా ఏమైనా పంపించనా?"

అయిదు నిమిషాల్లో ఆ ఇల్లాలు ఆఫీసు గుమ్మంలో ఉంది. వెనక అక్క. అక్క వెనక సగం వీధి. ఆవిడ మొగుడు ఊళ్లోనే ఉన్నాడు గానీ, ఎందుకో ఆ కాసేపు ఎవరికీ కనబడలేదు. నేనూ అదే సమయానికి బల్ల కింద పడిపోయిన పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాను.

"ఎవరన్నరు మాది గుడిసె అని?"

"రిజిస్టరులో అట్లనే ఉందమ్మా" అంది మేడం.

"రిజిస్టరుకు కండ్లు లేవా? ఇల్లు కట్టినప్పుడు ఊరంతా వచ్చి తిని పోలే? గుడిసెల తిన్నరా మీరంతా? డాబా అని రాయుండ్రి. రెండంతస్తులు. పైన మూడు గదులు. గ్రానైటు గూడ రాయుండ్రి."

"గ్రానైటుకు కాలమ్ లేదమ్మా."

"లేకపోతే గీయుండ్రి!"

సర్పంచమ్మ అప్పుడు మెల్లగా అంది. "అక్కా, నాది రేకుల ఇల్లు. గూడెంల. దానికి నేను కట్టేది, మీ మేడకు మీరు కట్టే దానికంటే ఎక్కువ."

ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. తర్వాత అంది, "తప్పే తల్లీ. మా ఇంటాయన తెలివితేటలు. ఇప్పుడు రాయుండ్రి. రాసి మైకులనే చదువుండ్రి, మా అక్క వింటది."

మైకు అన్న మాటతో ఉపసర్పంచు దాని వైపు చూసి, దాని మీద వెలుగుతున్న ఎర్ర లైటు చూసి, గబుక్కున చెయ్యి చాచాడు. మేడం మాత్రం తడుముకోలేదు. స్విచ్ మీదకు పోయిన ఆయన చెయ్యి పక్కకు తీసి, మైకును ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. గొంతు సవరించుకుని, "సవరణ! డాబా ఇల్లు, రెండంతస్తులు" అని చదివింది. ఆ "సవరణ" టేకు చెట్లకు తగిలి వెనక్కి వచ్చింది.

ఇక చూడాలి ఊరిని. ఆ ఇంటి పక్కింటావిడ చేతికి అంటిన పిండితోనే పరుగెత్తుకొచ్చింది. "వాళ్లది డాబా అయితే మాదేంది? వాళ్లకంటే రెండు నెలలు ముందు పోసినం స్లాబు!" ఆవిడ వెనక ఇంకొకాయన, "మెంబరు సాబ్, వరండా గూడ రాయించు. అల్లుడు ఫోన్ చేసి అడుగుతుండు, మామా నీకు వరండా లేదా అని" అన్నాడు. గాలి కూర్చునే జాగ అన్నది ఈయనే. కోళ్లాయన వచ్చి, పైగది కోళ్లది కాదని, తనదేనని, ఏసీ తనకేనని మైకులో ఒప్పుకున్నాడు. ఒకతను రేకుల ఇంటిని డాబా అని రాయమని పట్టుబట్టాడు, వచ్చే ఏడు స్లాబు పోయిస్తాడట. "పోసినంక రా" అంది మేడం. పన్ను ఎక్కువ కడతానన్న మనిషిని ఒక పంచాయతీ వెనక్కి పంపడం లోకంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకు రిజిస్టరు ఎర్ర సిరాతో నిండిపోయింది. మేడం రెండు పెన్నులు అయిపోగొట్టి మూడోది నా జేబులోంచి తీసుకుంది. అప్పుడు క్యాలిక్యులేటరు ముందు పెట్టుకుంది. గది గది అంతా దాని మీదకు వంగింది. ఒకసారి కూడింది. తల అడ్డంగా ఊపి మళ్లీ కూడింది. మూడోసారి కూడి, కాగితం మీద ఎడమ పక్కన అంకె రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.

"సరిపోయింది" అంది.

"ఏంది సరిపోయింది?" అన్నాను.

"నలుగురికీ సరిపోయింది సార్. రేటు పెంచక్కర్లేదు. పాత రేటే. నాలుగు వీధి లైట్లు కూడా వస్తయి."

సర్పంచమ్మ తీర్మానం మీద సంతకం పెట్టింది. తర్వాత మేమందరం పెట్టాం. నేను హడావుడిగా గీకిన ఆ సంతకం బ్యాంకులో చూపిస్తే ఇప్పటికీ నాది కాదనే అంటారు. రెండు వారాలుగా నా గుండె మీద ఎవరో బస్తా మిరపకాయలు పెట్టి కూర్చున్నట్టు ఉండింది. ఆ బస్తా లేచింది. గుమ్మంలోకి వచ్చి ఊపిరి పీల్చుకుంటే, ఆ గాలి నాకు మాత్రమే వీచినట్టు అనిపించింది.

చెల్లెమ్మ గోడకు చీపురు ఆనించి నిలబడి ఉంది.

"అయిపాయెనా అన్నా?"

"అయిపోయింది చెల్లె. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"నువ్వు ఆనాడే చెప్పినవ్ గదా" అంది, ఇందులో వింతేముందన్నట్టు. "అయితే నేను పోయి రెండో పూట నల్లా తిప్పొస్త. మీ మైకు గోలల పడి గంట లేటయింది, ఆడోళ్లు బిందెలు పట్టుకుని తిడుతున్నరు."

నేను కళ్లు తుడుచుకున్నాను. ఎండ. ఫిబ్రవరి ఎండ మా దగ్గర మే నెలను మించి ఉంటుంది.

ఇక నేను కల్పించింది ఏమిటో చెప్పాలి. మైకు నిజం. కోళ్ల ఏసీ నిజం, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు. గ్రానైటుకు కాలమ్ గీయమన్న మాట అక్షరాలా నిజం. కల్పించింది ఎదురింటాయనను. మా ఇంటికి ఎదురుగా ఇల్లే లేదు, పత్తి చేను ఉంది. ఆ రెండంతస్తుల డాబా మాది. ఆ గుడిసె మాది, పలక మాది, ఏటా కోడికూర పెట్టింది నేను. గుమ్మంలో నిలబడి అడిగింది నా భార్య, వెనక నిలబడింది మా పెద్ద వదిన. "నీ ఉద్యోగం నా పూచీ" అని చెల్లెమ్మకు చెప్పిన మూడో రోజున, నా ఇంటికి నేనే టేపు పట్టి, "తాటాకు గుడిసె, ఒక గది" అని నా చేత్తోనే రాసుకున్నాను. ఆ ముక్క చెల్లెమ్మకు ఇప్పటిదాకా తెలియదు. మా గుడిసెను పీకేసిన రోజున ఆమే వచ్చి తాటాకు తుక్కంతా ఊడ్చి, చెత్త ట్రాక్టరులోకి ఎత్తింది. నేను గంపకు రెండో పక్క పట్టుకున్నాను.